జాస్మిన్ ఎర్రగుడ్డ

"డాక్టరుగారు రిపోర్టులు చూశారు నాన్నా, జాస్మిన్‌కి సెన్సార్ ఇబ్బందట!" అంది మా అమ్మాయి గ్రేస్ ఫోనులో. నాకు వినబడింది అదే. "ఇంట్లో మనం మాట్లాడేటప్పుడు..." అంటూ ఉండగానే ఇంటి వెనక మందుపెట్టిన బండ పేలింది. లైను తెగింది. మంచం కింద నుంచి మనవరాలి కేక లేచింది.

సెన్సారా! నా నోటి మీదే అయ్యుంటుంది. తెనాలిలో పాతికేళ్లు లెక్కలు చెప్పిన గొంతు నాది. చర్చిలో మైకు పాడైతే "ఆనందరావు మాస్టారిని పిలవండి" అనేవాళ్లు. మనవరాలి కోసం ముందే రిటైరయ్యాను గాని, గొంతు మాత్రం టైరయ్యే రకం కాదు. మూడేళ్లు నిండినా జాస్మిన్‌కు ఒక్క మాట రాలేదు. నేను నోరు తెరిస్తే చెవులు మూసుకుని పరుగు. ఉండేది మాదాపూర్‌లోనే, పిల్ల మాత్రం మా దాపుకే రాదు. సెన్సారు వాళ్లు సినిమాకు కనీసం 'ఎ' ఇస్తారు. నాకు 'అ' కూడా మిగల్చలేదు.

ఆ క్షణం నుంచి నోటికి తాళం. అన్నానికి చేత్తో సైగ, నీళ్లకు కనుబొమలతో సైగ. సాయంత్రం ఇంటికొచ్చిన గ్రేస్, డాక్టరు మాట నాన్న ఇంత తొందరగా ఒంటబట్టించుకున్నాడని మురిసిపోయింది.

"రెండు వారాలు చూస్తాను నాన్నా. అప్పటికీ పిల్ల మీ దగ్గర కుదురుకోకపోతే ఉద్యోగం మానేస్తాను" అంది. కొత్త కంప్యూటర్ ఆఫీసులో ఎంతో కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం అది. నేను తలూపాను, సైగే కదా.

మూడు రోజులు గదిలో ఆ చివర నేను, ఈ చివర అది, కాలు నిలవక తిరిగాం. వెనక ఏవో ఆఫీసుల కోసం బండలు పేలుస్తున్నారు. ఏ నిమిషాన పేలుతుందో తెలియదు. పేలితే కంచం బోర్లా, పిల్ల మంచం కింద. పేలకపోతే ఇప్పుడా ఇప్పుడా అని ఇద్దరికీ దడ.

బండల దగ్గర ఎర్రగుడ్డ ఊపే యాదమ్మ మంచినీళ్ల కోసం మా ఇంటికొస్తుంది. నా సైగలు చూసి నిలబడిపోయింది.

"ఏంది సారూ, పోరితోని మాట బంద్ వెట్టిన్రా? మాట ఇనకుంట మాటెట్లొస్తది?"

నేను మంచం కిందికి చూపించాను.

"పేలే ముందుగాల నేను గుడ్డ ఊపుత. బజార్ల అందరికి ఎరుకైతది. మరి ఈ పోరికెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం పేలుడుకు ముందు యాదమ్మ మా కిటికీ దగ్గరికొచ్చింది. గుడ్డ చూపించింది, చెవులు మూసుకుంది. జాస్మిన్ చూసింది, తనూ మూసుకుంది. దఢేల్! కేక లేదు. యాదమ్మ గుడ్డ దించి, మెల్లగా "ఐపాయె" అంది.

వారమంతా అదే వరస. గుడ్డ లేవడం, చెవులు మూయడం, ఐపాయె. జాస్మిన్ కిటికీ దగ్గరే కాపు కాసేది. యాదమ్మ తన ఎర్రగుడ్డలోంచి ఒక పీలిక చింపి దానికిచ్చింది.

శనివారం బండ పేలాక పిల్ల నవ్వింది. నా సెన్సారు తెగిపోయింది.

"శభాష్!"

కిటికీ అద్దాలు గలగలలాడాయి. అయ్యో, పారిపోతుంది అనుకున్నాను. పారిపోలేదు. పీలిక తీసి నా ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. తర్వాత చెవులు మూసుకుని, నా వైపే చూస్తూ నిలబడింది.

నేనూ ఒక బండనేనన్నమాట!

గొంతు చిన్నది చేసుకుని గుసగుసగా "శభాష్" అన్నాను. పిల్ల చేతులు దించింది.

"ఐపాయె."

దాని మొదటి మాట! తెనాలి తాతకు తెలంగాణ మనవరాలు! వచ్చి నా మోకాలికి వీపు ఆనించి కూచుంది. కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

సాయంత్రం యాదమ్మ కూడా ఉండగానే గ్రేస్ వచ్చింది. "సెన్సార్ తప్పానమ్మా, పిల్లతో మాట్లాడేశాను" అన్నాను.

"సెన్సార్ ఏంటి నాన్నా? నేను చెప్పింది సెన్సరీ! చప్పుడు, వెలుతురు, తాకిడి దీనికి మనకంటే గట్టిగా తగులుతాయట. మెల్లగా, ముందు చెప్పి మాట్లాడమన్నారు. అసలు మాట్లాడొద్దని ఎవరన్నారు?"

"గంతేనా! సారు నోరు సర్కారోళ్లు మూయించిన్రనుకున్న నేను" అంది యాదమ్మ.

"ఇక సోమవారం బెంగలేకుండా ఆఫీసుకెళ్తాను" అంది గ్రేస్, నా మోకాలికి ఆనుకుని కుదురుగా కూచున్న పిల్లను చూసి.

పగలబడి నవ్వబోయి, గుండెల నిండా గాలి పీల్చాను. మోకాలి దగ్గర ఎర్ర పీలిక లేచింది. పిల్ల చెవులు మూసుకునేదాకా ఆగి, అప్పుడు నవ్వాను.