మాత్ర మీద తీతు తాత సాక్ష్యం

తీతు తాతకి నోరు ఊరుకోదు. భీమిలి వదిలి పరాయి రాష్ట్రం వచ్చి, రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. అక్కడి న్యూ సెటిల్‌మెంట్ పేటలో తెలుగు చర్చి పెద్ద. ఆదివారం సాక్ష్యాల వేళ వచ్చిందంటే అందరికంటే ముందు లేచేది ఆయనే. దేవుడు చేసిన మేలు రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంటే ఎవరికీ బాధ లేదు. నిరుడు మాత్రం కొంప ముంచాడు.

ఏం జరిగిందంటే, నిరుడు బోదకాలు రాకుండా ఇంటింటికీ మాత్రలు పంచారు. తాత మింగాడు. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆ ఆదివారమే చర్చిలో లేచాడు.

"ఆ మాత్ర ఇసం! దేవుడే నన్ను కాపాడినాడు. అయినా బోదకాలు మన భీమిలి సైడు రోగం. మా అమ్మ కాలు నాను సూసినాను కదా. మనం రైలెక్కి ఒచ్చేసినాం, అది అక్కడే ఉండిపోనాది!"

సభంతా ఆమెన్ అంది. ఇక చూడండి, ఆ వీధిలో ఒక్కరు మాత్ర ముట్టుకుంటే ఒట్టు!

ఈ ఏడు ఆ మాత్రలు పంచే పని ఎవరికి పడిందనుకున్నారు? ఆరోగ్య కార్యకర్తగా పనిచేసే ఆయన కోడలు ఎవాంజలిన్‌కే. వారమంతా గుమ్మం గుమ్మం తిరిగి, శనివారం మధ్యాహ్నం నిండు సంచీ తెచ్చి బల్ల మీద పడేసింది.

"మావయ్యా, మన వినీలకైనా ఏయనివ్వండి."

"నా మనవరాలికా? నాను బతికుండగా అవ్వదు."

ఎనిమిదేళ్ల వినీల తాత ప్రాణం. రోజూ ఆయన పక్కలోనే పడుకుంటుంది. ఆ మాటకి ఎవాంజలిన్‌కి ఒళ్లు మండింది.

"మీకు జొరం ఎందుకొచ్చిందో తెలుసా? ఒంట్లో ఆ పురుగులున్నోళ్లకే ఎక్కువగా వస్తాది, మాత్రకి అవి సచ్చినప్పుడు. రోగం భీమిలిలో ఉండిపోనేదు మావయ్యా, మీ రక్తంలోనే ఉన్నాది. మిమ్మల్ని కుట్టిన దోమలే పక్కలో ఉన్న దాన్నీ కుడతాయి. ఎన్నేళ్ల నుంచి కుడుతున్నాయో!"

  తాతకి వాళ్లమ్మ గుర్తొచ్చింది. చెప్పు పట్టని కాలు చీర కుచ్చెళ్ల కింద దాచుకుని, చర్చిలో చివరి బల్ల మీద కూర్చునేది. ఇక్కడ మంచం మీంచి వినీల కాళ్లు సన్నగా వేలాడుతున్నాయి. 

మర్నాడు సాక్ష్యాల వేళ వచ్చింది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవడమంటే మాటలా? అయినా లేచాడు.

"నిరుడు నాను సెప్పింది తప్పు. దేవుడు మాత్రతోనే మేలు సేసినాడు, నానేమో మాత్రనే తిట్టినాను. ఆ పురుగు నా ఒంట్లోనే ఉన్నాది. నా మాట ఇని మీరు పిల్లలకి ఏయడం మానేసినారు. నన్ను చమించండి."

కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఈసారి ఆమెన్ లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బల్ల నుంచి పక్కింటి ఆలిస్ ముసలమ్మ కేకేసింది.

"ఏడుపెందుకు తీతన్నా? ముందు నువ్వు మింగు, సూస్తాం!"

సభంతా గొల్లున నవ్వింది. పరగడుపున వేయకూడదు గనక ఆరాధన అయ్యాక పెట్టే ప్రేమవిందు దాకా ఆగారు. కోడికూరతో అన్నం తిన్నాక తాత అందరి ముందూ మాత్రలు మింగి, నోరు తెరిచి చూపించాడు. ఆయన వెనక వినీల, దాని వెనక ఆలిస్, అలా చర్చి గేటు దాకా లైను కట్టారు. ఎవాంజలిన్ సంచీ ఖాళీ అయింది.

సాయంత్రం నుంచీ తాతకి ఒకటే పని, వినీల నుదురు ముట్టుకు చూడటం. ఐదింటికి చూశాడు, ఆరింటికి చూశాడు. ఇంతలో గోడ అవతల నుంచి ఆలిస్ అరిచింది.

"తీతన్నా! నాకొచ్చేసినాది! నూట ఒకటి! పురుగులు సస్తన్నాయి, స్తోత్రం!"

లాటరీ తగిలినంత సంబరం ఆ గొంతులో. ఎవాంజలిన్ నవ్వుకుంటూ జ్వరం మాత్ర పట్టుకుని పరిగెత్తింది. తాతకి మాత్రం నవ్వు రాలేదు. చెయ్యి మళ్లీ వినీల నుదుటి మీదకి వెళ్లింది.

"ఛోడో తాతా, ఒగ్గెయ్ నన్ను! హోంవర్క్ సేసుకోనీ. సల్లగానే ఉన్నాను కదా!"

"ఇంకోపాలి సెప్పమ్మా."

"సల్లగా ఉన్నాను!"

తాత ఆ పిల్ల పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని, నవ్వుతూనే వలవలా ఏడ్చేశాడు.