మూత కింద వంద ఓములు

నేను ఒక నిరోధకాన్ని. బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదాన్ని, అంతే. ఒంటి మీద గోధుమ, నలుపు, గోధుమ చారలు. అంటే వంద ఓములు. వచ్చే కరెంటును ఆ మేరకు అడ్డుకోవడమే నా ఉద్యోగం. ఫ్యాక్టరీలో ఆ చారలు దిద్దిన రోజు ఎంత మురిసిపోయానో! చూసేవాళ్లు ఉంటారనుకున్నాను.

తెనాలి వైపు ఒక జూనియర్ కాలేజీ ల్యాబుకు చేరాక నన్నూ, నాలాంటి మరో వంద ఓముల వాడినీ సమాంతరంగా అతికించి, చెక్కపెట్టెలో పెట్టి మరలు బిగించేశారు. బయటికి రెండే తీగలు, లోపలికి మాటలు తప్ప వెలుగు రాదు. ఇద్దరం కరెంటును చెరిసగం పంచుకుంటాం కాబట్టి బయటివాళ్లకు మేం యాభై ఓములే.

మూడేళ్ల క్రితం పెట్టె బల్ల మీంచి పడి నా జంటవాడి తీగ కాలు ఊడింది. అప్పటినుంచి మొత్తం కరెంటు నా ఒక్కదాని మీదే. ఇక ఎవరు కొలిచినా వంద రావాలి. కాని సీనియర్ల రికార్డుల్లో యాభై ఉంది. పిల్లలు ముందు జవాబు రాసి, దానికి తగ్గ రీడింగును తర్వాత పుట్టిస్తారు. భలేవాళ్లు ఈ మనుషులు! లోపల నేను వేడెక్కిపోతున్నా ఒక్కరూ మూత తీయలేదు.

మొన్న ప్రాక్టికల్ పరీక్షకు కృపావతి వచ్చింది. పోయినేడు తప్పిన పిల్ల. ఈసారీ తప్పితే నర్సింగులో చేరడం కుదరదట. ఇరవై మిల్లీ ఆంపియర్లు పంపి వోల్టులు చూసింది. రెండు. భాగించింది. వంద! తీగలు విప్పి మళ్లీ బిగించింది. మళ్లీ వందే.

అటెండరు కోటయ్య పెట్టె పక్కనే గుసగుసలాడాడు. "యాభై ఏసెయ్యమ్మా. అందరూ అదే ఏశారు."

"మీటర్లో అట్టా రావట్లా గదా బాబాయ్?"

"మీటరేమన్నా మార్కులేత్తదా?"

ఆమె కలం బల్ల మీద టకటకలాడింది. చివరికి వంద అనే రాసింది.

ఎగ్జామినరు విశ్వనాథంగారు కాగితం చూసి కసిరారు. "సమాంతరంలో కలిపితే తగ్గాలి గదమ్మా? సూత్రం రాదా?"

"వచ్చండీ. యాభై రావాలి. రాలేదండీ. ఓసారి మూత తీసి చూడండి సార్."

"లోపలంతా బాగుంటే సున్నా వేస్తాను. తియ్యమంటావా?"

ఆ పిల్ల పెట్టెను ఆయన వైపు నెట్టింది. "తియ్యండి సార్."

చివరి మర ఊడింది. వెలుగు! తిరిగే ఫ్యాను, కృపావతి ముక్కు మీద చెమట, కోటయ్య మీసం, ఎన్ని వింతలో! విశ్వనాథంగారు వేలితో తాకితే నా జంటవాడి కాలు ఊగింది. ఆయన కృపావతికి పూర్తి మార్కులు వేసి, పొద్దుటినుంచి యాభై రాసినవాళ్లందరినీ మళ్లీ చెయ్యమన్నారు.

"చచ్చాం" అంటూ కోటయ్య సోల్డరింగ్ ఐరన్ తెచ్చి ఊడిన కాలు అతికించాడు. నేనింకా కళ్లనిండా చూడకముందే మూత పడింది.

చీకట్లో కరెంటు వచ్చింది. పది వాడికి, పది నాకు. హాయిగా ఉంది. బయట ఎవరో సణుగుతున్నారు, "యాభైయే గదరా! ముందు రాసిందీ అదేగా!"

ఇక జవాబు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. కాబట్టి ఈ మూత ఇక ఎవరూ తీయరు.