ముందొచ్చినోళ్ల వరుస

గల్ఫ్ ఎడారిలో బహ్లా ఊరు దాటాక రోడ్డు పని కోసం కంపెనీ మొదట దింపింది ఐదుగురిని. వాళ్లలో పెద్దవాడు పెద్దులు, జగిత్యాల వైపు మనిషి. 2006లో అక్కడ షెడ్డు లేదు, కరెంటు లేదు. తార్పాలిన్ కట్టుకుని పడుకున్నారు. ట్యాంకర్ రోజు విడిచి రోజు వచ్చేది. తగాదా రాకుండా పెద్దులు ఒక కట్టుబాటు పెట్టాడు: క్యాంపుకు ముందొచ్చినవాడు ముందు స్నానం చేయాలి. ఐదుగురికీ నీళ్లు సరిపోయేవి.

తర్వాత క్యాబిన్లు వచ్చాయి, మనుషులు వచ్చారు. వచ్చిన ప్రతివాడూ వరుస చివర బకెట్ పెట్టాడు. మూడేళ్లకు అరవై మందయ్యారు. ట్యాంకర్ ఒక్కటే. కంపెనీ పెద్దులును క్యాంప్ బాస్‌ను చేసి ట్యాంకు తాళంచెవి ఇచ్చింది. వరుస మారలేదు.

చివరి బకెట్ భూమేశ్‌ది. పెద్దులు అక్క కొడుకు. వీసా తెప్పించింది పెద్దులే. భూమేశ్ వంతు వచ్చేసరికి ట్యాంకు అడుగు కనిపించేది. సిమెంటు ఒంటిమీదే ఆరేది. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ పుండ్లు పడ్డాయి.

“మామా, వారానికోసారి వరుస తిప్పు. కడకున్నోళ్లు ముందుకొస్తరు.”

“వచ్చే నెల చూద్దాం. మేమొచ్చినప్పుడు గీడ తేళ్లుండె. కట్టెలు పట్టుకొని కూసున్నం. నువ్వు ఏసీ రూముల దిగినవ్.”

“ఆ తేళ్లు సుత ముసలైపోయినయ్ మామా. నీ ముచ్చటే అయిపోతలేదు.”

వరుసలో నవ్వులు. పెద్దులు తాళం వేసి వెళ్లిపోయాడు.

కల్వర్టు స్లాబ్ పోసే ఉదయం కొత్తవాళ్లెవరూ బస్సెక్కలేదు. ఆ రోజును ఎంచింది భూమేశ్. కాంక్రీటు మిక్సర్లు ప్లాంటు నుంచి బయల్దేరాయంటే ఎండలో ఎక్కువసేపు ఆగలేవు, సరుకు గట్టిపడుతుంది. బస్సు డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయలేదు. ఫోర్‌మన్ అజ్మత్ జీపు దిగి పెద్దులు దగ్గరికొచ్చాడు.

“షురూ కిస్నే కియా? నామ్ బోలో.” ఇది మొదలుపెట్టినవాడి పేరు చెప్పమన్నాడు, వాణ్ని సాయంత్రమే ఇంటికి పంపేస్తానన్నాడు.

భూమేశ్ క్యాబిన్ గోడకు ఆనుకుని ఉన్నాడు, చేతులు చంకల్లో పెట్టుకుని. అక్కడున్న అందరికీ తెలుసు. పెద్దులు అటు చూడలేదు.

“పేరు లేదు భాయ్. వరుస నేను పెట్టిన. లొల్లి దానితోనే మొదలైంది.”

“అయితే నువ్వు క్యాంప్ బాస్‌వి కాదు. స్లాబ్ మీదికి పో.”

అజ్మత్ ఫోన్ మోగింది. మొదటి మిక్సర్ సైట్‌కు చేరింది. ఫోన్ పెట్టేసి, రేపటి నుంచి ఇంకో ట్యాంకర్ వస్తుంది, ఎక్కండి అన్నాడు.

“తాళం?” అన్నాడు భూమేశ్.

పెద్దులు తాళంచెవి అతని చేతిలో పెట్టి బస్సెక్కాడు.

సాయంత్రం వరుస తలకిందులైంది. కొత్తవాళ్లు ముందు, మొదటి ఐదుగురు వెనక. భూమేశ్ స్నానం చేసి, మందు రాసుకుని ట్యాంకు దగ్గర నిలబడ్డాడు. పెద్దులు మోకాళ్ల దాకా కాంక్రీటుతో వచ్చి చివర బకెట్ పెట్టాడు. అతని వంతుకు కుళాయి గాలి వదిలింది.

“అయిపోయినయ్ మామా. రేపు రెండో ట్యాంకరొస్తది గదా.”

“అది రాకపోతే? వరుస తిప్పుదామంటివి.”

భూమేశ్ వెనక ఎవడో అరిచాడు: “ఒక్కనాటికే సిమెంటుకు ఒళ్లు కాలుతుందా బాస్? ఏడాది మేం కాల్చుకున్నం!”

“వచ్చే నెల చూద్దాం మామా,” అన్నాడు భూమేశ్.

పెద్దులు ఖాళీ బకెట్ బోర్లించి కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో సిమెంటును గోటితో గీకుతున్నాడు. భూమేశ్ తాళం వేశాడు. తాళంచెవి జేబులో పెట్టుకోలేదు. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ అక్కడే నిలబడ్డాడు.