రాళ్ల మిట్ట

తెరేసమ్మకు మొగుడు జక్కయ్య వదిలిపోయినవి రెండే. ఒక నాటు పడవ, ఒక గుట్టు. గుట్టు ఆమెకూ, ఆ పడవ నడిపే మరిది ఆమోసుకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

తీరానికి మూడు కోసుల దూరాన, సముద్రం అడుగున ఒక రాళ్ల మిట్ట ఉంది. చుట్టూ పదిహేను బారల లోతున బురద. మిట్ట మీద ఆరు బారలే. నాచూ గుల్లలూ పట్టిన ఆ రాళ్లలోనే చేపలు గుడ్లు పెట్టేవి. నీళ్ల పైన ఏ ఆనవాలూ ఉండదు. లైటుహౌసు చర్చి శిలువ వెనక్కి దాగాలి, సరుగుడు తోట కొస ఒంటి తాడిచెట్టుకు ఆనాలి. రెండూ ఒకేసారి కుదిరిన చోట లంగరు వేస్తే సరిగ్గా మిట్ట మీదే.

ఆ పాలెంలో ఏ ఇంటి గురుతులు ఆ ఇంటివే. వేటలో ఉండగా ఇంకో తెరచాప కనబడిందా, గబగబా వల లాగేసి, ఏమీ ఎరగనట్టు పక్కకు జరిగిపోవాలి. ఆకలంటే అన్నం పెడతారు గానీ, గురుతు అడిగితే కొట్టినంత పని చేస్తారు.

1974 ఎండాకాలం. బెజవాడ వన్ టౌన్‌లో తెరేసమ్మ గంప దించితే కొనేవాళ్లు మూతి ముడుస్తున్నారు. మూడేళ్ల కిందట మూరెడు ఉండే చేప జానెడైంది. ఇది చాలదన్నట్టు ఉత్తరం నుంచి మోటారు పడవలొచ్చాయి. ఇనుప గొలుసు కట్టిన వలలతో సముద్రం అడుగంతా గీకేస్తున్నాయి. వాటి పొగ రోజురోజుకూ మిట్ట వైపే జరుగుతోంది. తన కొంప మునగక ముందే ఏదో ఒకటి చెయ్యాలనుకుంది. ఖాళీ గంప చంకన పెట్టుకుని తిన్నగా మత్స్యశాఖ ఆఫీసుకెళ్లింది.

ఆఫీసరు సంజీవరావు ఆమె చెప్పిందంతా విని, "ఎక్కడమ్మా ఆ మిట్ట?" అని అడిగాడు.

"అది చెప్పనండి. మోటారు పడవలు రాకుండా చూడండి, చాలు."

ఆయన నవ్వాడు. తెరేసమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నవ్వుతారేంటండీ?"

"కోపం తెచ్చుకోకండి. ఈ నెల్లో మీ పాలెం నుంచి వచ్చినవాళ్లలో మీరు ఆరోవారు. ఆరుగురికీ ఆరు మిట్టలు. ఎక్కడున్నాయో ఒక్కరూ చెప్పరు. మరి దేన్ని కాపాడమని నేను పైకి రాయాలి?"

బస్సులో తిరిగొస్తూ ఆమె ఎటూ తేల్చుకోలేకపోయింది. చెబితే పాలెమంతా ఎగబడుతుంది. చెప్పకపోతే గొలుసు వల ఊడ్చేస్తుంది. పైగా ఆ గురుతులు పోయేముందు జక్కయ్య తన చెవిలో చెప్పిన ఆఖరి మాట. బస్సు దిగేసరికి మాత్రం మనసు గట్టి చేసుకుంది.

ఆదివారం ఆరాధనయ్యాక, తెరేసమ్మ రమ్మంటే వచ్చిన సంజీవరావు చర్చి వరండాలో పటం పరిచాడు. ఆఫీసుకెళ్లి మొరపెట్టుకున్న ఆరిళ్లవాళ్లూ వచ్చారు. నువ్వు ముందంటే నువ్వు ముందన్నారు.

"నేను చెబుతాను. నా తరవాత అందరూ చెప్పాలి," అని తెరేసమ్మ గురుతులు చెప్పేసింది. ఆమోసు తల దించుకున్నాడు. ఆఫీసరు స్కేలు పెట్టి రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టాడు.

ఆడమనిషి చెప్పాక ఊరుకోవడం నామోషీ అనిపించిందేమో, పెద్దవాడు బసవయ్య తన గురుతులు చెప్పాడు. వేరే చెట్లు, కాలవ సముద్రంలో కలిసే మొగ. గీతలు వెళ్లి అదే చుక్క మీద కలిశాయి.

"తప్పు గీశారండీ. అది మా తాతలనాటి చోటు," అన్నాడు బసవయ్య.

మళ్లీ గీసినా అక్కడే. మూడో ఇంటి బాలశౌరి గీతలూ అక్కడికే వెళ్లాయి. ఆరో ఇంటి గీతలు పడేసరికి ఆ చుక్క దగ్గర కాగితం నల్లబడింది.

"నీ తెరచాప చూసి నేను వల లాక్కుని పారిపోయేవాణ్ణి బసవయ్య మావా, నన్ను చూసి నువ్వు..." అంటూ బాలశౌరి పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఎవరికీ అంటుకోలేదు. తెరేసమ్మకు సిగ్గేసింది. మోటారు పడవలు ఇంకా ఆ చోటికి రానేలేదు. చేప మాత్రం మూడేళ్లుగా చిన్నదవుతూనే ఉంది.

"పైకి ఏమని రాశారండీ?" అని ఆఫీసర్ని అడిగింది.

"మిట్ట చుట్టూ కోసు మేర మోటారు పడవలు వేటాడకూడదని."

"మోటారు మాట కొట్టేయండి. ఏ పడవా వేటాడకూడదని రాయండి."

"పిచ్చి పట్టిందా అమ్మాయ్? మనమేం తినాలి?" అని లేచాడు బసవయ్య.

"చుట్టూ ఇంత సముద్రముంది మావా. తక్కువ దొరికితే తక్కువే తిందాం. సగం మనమే ఊడ్చేసి, పాపమంతా వాళ్లదంటే ఎవరు నమ్ముతారు?"

"పైనుంచి ఉత్తర్వు ఎప్పుడొస్తుందో చెప్పలేనమ్మా. అసలు వస్తుందో రాదో," అన్నాడు సంజీవరావు.

"అది వచ్చినప్పుడే రానివ్వండి. మా కట్టుబాటు ఇవాళ్టి నుంచే."

తెరేసమ్మ బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద నొక్కింది. బసవయ్య పటం మీది నల్లటి చుక్కను వేలితో తడిమాడు. ఆపైన ఎవరి మొహం చూడకుండా సిరా దగ్గరికి జరుపుకుని వేలు పెట్టాడు.

మొగుడిచ్చిన ఆఖరి మాట ఊరందరి పాలైంది. తెరేసమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఏడవలేదు. ఇంకా నాలుగు వేళ్లు పడాలి.