పెద్దమ్మ మడిలోని మన్ను

వాసంతి అబద్ధమేమీ రాయలేదు. అడిగినంతవరకే రాసింది. అయినా మూడు వారాలుగా ఆమెకు అన్నం సయించడం లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ప్రైవేటు ల్యాబులో ఆమె ఉద్యోగం. వేరుపురుగును చంపడానికి అప్పటికే బజారులో అమ్ముతున్న గుళికలు వానపాములకు హాని చేస్తాయా లేదా అని చూడమని ఓ కంపెనీ పంపింది. పరీక్షకు వాడే మన్ను ల్యాబులోనే కలుపుతారు, అందులో కొబ్బరిపొట్టు దండిగా ఉంటుంది. మందు ఆ పొట్టుకే అంటుకుపోతుంది, వానపాముల ఒంటికి పెద్దగా తగలదు. వేసిన పది వానపాములూ బతికాయి.

అంతటితో ఊరుకుంటే వాసంతి ఎందుకవుతుంది? మీర్‌పేట్‌లో ఆకుకూరలు పండించే పెద్దమ్మ యాదమ్మ మడి నుంచి ఓ డబ్బాడు మన్ను తెచ్చి, అందులోనూ అదే మోతాదు వేసి చూసింది. అది ఒట్టి చల్క నేల, ఇసుకే ఎక్కువ. మందును పట్టి ఉంచేదేమీ లేక అది మన్నులోని తడిలో కలిసిపోయింది. పద్నాలుగో రోజుకు పదింట్లో తొమ్మిది చచ్చాయి. పై ఆఫీసరు ఉపేంద్రకు చూపిస్తే, కంపెనీ అడగనిది మనకెందుకమ్మా అన్నాడు. సరే సార్ అంది. ఆ పాడు మాట ఎలా అన్నానా అని ఇప్పుడు తనను తానే తిట్టుకుంటోంది. అప్పుడు మాత్రం డబ్బా కడిగేసి, రిపోర్టు మీద సంతకం పెట్టేసింది.

వాసంతి చూసిన మందు పాసయిందని తన చెల్లెలు, అంటే వాసంతి తల్లి నోట విన్నది యాదమ్మ. మన్ను తనదే కదా, తన నేలకే పాసయిందనుకుంది. ఎల్బీనగర్ పోయి ఆ గుళికలే కొని మడులన్నింటా చల్లింది.

ఆదివారం పొద్దున పెద్దమ్మ రమ్మంటే వాసంతి వెళ్లింది. యాదమ్మ పారతో నాలుగు చోట్ల తవ్వి చూపించింది. మెత్తబడి చచ్చిన వానపాములే తప్ప బతికినది ఒక్కటీ లేదు.

"నేనే జర ఎక్కువ చల్లినట్టున్న బిడ్డా," అంది యాదమ్మ. "నీ పేరు ఖరాబైతదని ఎవ్వరికి చెప్పలే."

వాసంతి ఊ అంటే చాలు, తప్పంతా పెద్దమ్మ మీదికే పోతుంది.

"ఎక్కువ కాలే పెద్దమ్మా. సరిగ్గనే చల్లినవ్. నీ మన్నుల ఈ ఎర్రలు సస్తయని నాకు ముందే ఎరుక."

ఎందుకు రాయలేదో కూడా చెప్పబోయింది గానీ, చెబుతుంటే తన చెవికే సాకులా వినబడి ఆపేసింది. యాదమ్మ తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది వాసంతికి.

"అంతయ్య గూడ గదే మందు తెచ్చుకున్నడు," అంది యాదమ్మ చివరికి. "మా పిల్ల చూసిందని నేనే చెప్పిన. నడువ్."

పక్క మడిలో అంతయ్య అప్పుడే గుళికల సంచి విప్పుతున్నాడు. వాసంతిని చూడగానే ముసలాయన ముఖం వికసించింది. చదువుకున్న పిల్లవు, నీ చేతులమీదుగా మొదలుపెడదామంటూ సంచి ఆమె ముందుకు జరిపాడు.

వాసంతి సంచి మూతి బిగించి పట్టుకుంది.

"ఒద్దు తాతా. ఇది మన నేలకు పనికిరాదని నాకు తెలుసు. తెలిసి గూడ చెప్పలే."

అంతయ్య అర్థం కాక యాదమ్మ వైపు చూశాడు. యాదమ్మ వాసంతి పక్కనే నిలబడి ఉంది. ఆమెనే అడగమన్నట్టు గడ్డం వాసంతి వైపు తిప్పింది.