లోపల పట్టుకునే మనిషి

ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. మొగుడికి ఆమె బల్లి. ఊదితే ఎగిరిపోయేంత సన్నం, ఎంత ఇరుకులోనైనా దూరిపోతుంది. పాత పడవలు బాగుచేసే ఇంట్లో అలాంటి కోడలు దొరకడం వరమని మామగారు మెచ్చుకునేవారు. వరమో శాపమో దూరేవాళ్లనడగాలి గానీ, గట్టు మీద కూర్చున్నవాళ్లకేం తెలుస్తుంది?

షెడ్డులో ఉన్న పడవ మామగారు వయసులో ఉండగా నమూనా గీసి కట్టింది. వేటకెళ్లే మోటారు పడవ. ముందు భాగం కత్తిలా కోసుగా ఉండి అలను చీలుస్తుంది. వెనక్కి వచ్చేసరికి అడుగు పీటలా చదునై నీటి మీద కుదురుగా నిలబడుతుంది. నడుమ ఇంజను పెట్టె, దానికి రెండు పక్కలా డీజిలు ట్యాంకులు, వెనక చేపలు లాగడానికి వెడల్పాటి చెక్కనేల. అలాంటివి చేసిందే కొన్ని. వాటిలో సగం మునిగాయి, సగం పొయ్యిలోకెళ్లాయి. మొదట వేసిన పలకలతోనే మిగిలింది ఇదొక్కటే. దాని మీద గీత పడితే తండ్రీకొడుకులిద్దరికీ ప్రాణం విలవిల్లాడేది.

ఆ రోజు పని చిన్నదే. పడవ పక్కనున్న పలకకు బోల్టులు బిగించాలి. మామగారు ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. మొగుడు బయట నుంచి తిప్పుతాడు, నట్టు తిరక్కుండా ఆమె లోపల పానాతో పట్టుకోవాలి. ఆమె వెనక చెక్కనేలకున్న మూత తీసి, దాని కింద బోర్లా పడుకుని, ట్యాంకుకీ పలకకీ మధ్య సందులోకి పాకింది. ముందురోజు పూసిన వార్నిష్ వాసన ముక్కు బద్దలు కొడుతోంది.

"ఈ బోల్టుకి ఊతకర్ర అడ్డొస్తోంది. కాస్త పక్కకి జరుపుతా," అన్నాడు మొగుడు.

నీళ్లలో లేని చెక్కపడవ ఊతకర్రల పుణ్యాన ఆకారం నిలుపుకుంటుంది. ఆ సంగతి అతనికి తెలియక కాదు. రోజూ చేసే పనేగా అన్న ధీమా, అంతే. కర్ర జరిగింది. పడవ ఆ పక్కకి కుంగింది. మర్నాడు తీసి కడగాలని బోల్టులు విప్పి ఉంచిన ట్యాంకు జారి, ఆమె నడుమును పలకకేసి అదిమింది.

"ఏవండీ, ఇరుక్కుపోయాను."

"వెనక్కి పాకు."

"పాకగలిగితే మిమ్మల్నెందుకు పిలుస్తాను?"

అతను జాకీ పెట్టి లేపబోయాడు. పలక పైకి లేచి ఆమెనే నొక్కింది. కేక విని ఆపేశాడు. పైన చెక్కనేల కోద్దామంటే ట్యాంకును ఆపుతున్నవి దాని కింది దూలాలే. కోస్తే అదంతా ఆమె మీదే పడుతుంది. ఇక మిగిలింది పక్క పలక కోయడం. అది ముగ్గురికీ తెలుసు.

లోపల ఆమెకు ఊపిరాడడం లేదు. వాసన తలకెక్కి, చేతివేళ్లు తిమ్మిరెక్కి, ఇక్కడే చచ్చిపోతానన్న భయం పట్టుకుంది. అంతలో పలక అవతల సన్నగా గరగరమని చప్పుడైంది. రంపం చప్పుడు కాదది.

"ఏం చేస్తున్నారు?"

"పెన్సిలుతో గీస్తున్నా. అతుకు కనబడకుండా కోయాలి కదా. ఒక్క నిమిషం ఓర్చుకో బల్లీ."

"గీత వంకరపోయిందిరా," అన్నారు మామగారు. "పక్కటెముక పక్కగా కొయ్యి, మళ్లీ అతికించుకోవచ్చు."

ఆయన చెప్పింది పడవ పక్కటెముక గురించి. ఆమె పక్కటెముకల ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆ మాటతో భయం ఎటు పోయిందో గానీ, ఒళ్లంతా కోపం నిండింది. ఆ పలకల్ని బయటి నుంచి నిమిరింది వాళ్లు. లోపలి నుంచి తెలిసింది ఆమెకు. ఏది ఎక్కడ బీటలిచ్చిందో, చెక్కలో ఏ కొమ్మ ముడి వదులైందో చీకట్లోనూ చెప్పగలదు. ముఖం పక్కనే ఉన్న ముడి మీద పానాతో ఒక్కటి వేసింది.

"ఏయ్, పాత పలక అది!"

మళ్లీ కొట్టింది. ముడి ఊడి బయటపడింది. ఆ కన్నానికి నోరానించి గాలి పీల్చుకుంది, మళ్లీ మొదలుపెట్టింది. పలక బీట వెంట నడుము దాకా చీలింది. అప్పుడుగానీ మొగుడి చేతులు కదల్లేదు. చీలిన చెక్కను పీకి పారేసి ఆమెను బయటికి లాగాడు. మామగారు వంగి, ఊడిపడిన ముడిని ఏరుకుని పంచెకు తుడుచుకున్నారు.

నాలుగు రోజులకు ట్యాంకు సర్ది, కొత్త పలక చెక్కారు. మొగుడు బోల్టు పట్టుకుని, అలవాటు చొప్పున ఆమె వైపు చూశాడు.

"లోపల ఎవరో ఒకరు పట్టుకోవాలి కదమ్మా," అన్నారు మామగారు మెల్లగా.

ఆమె పానా తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"నేనెక్కడ పడతానే?"

"తల పడుతుంది. ముందది పెట్టండి."

అతను మోకాళ్ల మీద కూర్చుని, కొత్త పలక ఇంకా బిగించని ఖాళీలోంచి తల లోపలికి దూర్చాడు. భుజాల దగ్గర ఆగిపోయాడు.

"ఇంత చీకటిగా ఉంటుందా లోపల?" గొంతు డొల్లగా వినిపించింది.

"ఎప్పుడూ అంతే ఉంటుంది."

అతను వెనక్కి రాబోయాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి ఆపింది.

"ఒక్క నిమిషం ఓర్చుకోండి," అంది.