గురువారం పది గంటల దాకా

పత్రికలో సాంకేతిక వార్తల పేజీ చూసే విలేకరికి సోమవారం పొద్దున్నే ఒక కంపెనీ ప్రచార విభాగం అమ్మాయి నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, మీకొక్కరికే ముందుగా చెబుతున్నా. చేతికి అంటించుకునే మా షుగర్ పట్టీలో చిన్న లోపం బయటపడింది. షుగర్ బాగా పడిపోయినా ఒక్కోసారి మామూలుగా ఉన్నట్టే చూపిస్తోంది. పాతవి వెనక్కి తీసుకుని కొత్త మోడల్ ఇస్తున్నాం. గురువారం పది గంటల దాకా ఎంబార్గో."

ఎంబార్గో అంటే చెప్పిన వేళ దాకా నోరు విప్పకూడదని. ఆ మాట తప్పినవాళ్లకు మళ్లీ ఎవరూ ముందుగా కబురు చెప్పరు. ఆ పేజీ బతుకంతా ముందుగా అందే కబుర్ల మీదే.

"ఈలోపల ఎవరికైనా ఏమైనా అయితే?"

"కొత్తవి దుకాణాలకు చేరాలి కదక్కా. మూడు రోజులేగా. మీకు శ్రమ లేకుండా వార్త కూడా పంపించాను, చూడండి."

వార్త వచ్చే ఉంది. విలేకరి పాత వ్యాసాలన్నీ మింగిన ఏదో ఏఐ యంత్రం అచ్చం ఆమెలాగే రాసిపెట్టింది. లోపం సంగతి ఐదో పేరాలో ఒకే ఒక్క వాక్యం. విలేకరి దాన్ని రెండో పేరాలోకి లాగి, గురువారం పదికి దానంతటదే వెలువడేలా సమయం పెట్టింది. ఎడిటర్‌ను అడిగితే, "గీత దాటకు తల్లీ. ఉన్న నాలుగు తలుపులూ మూసుకుంటాయి," అన్నాడు.

బయటికి వెళ్లి, మెట్ల మీద నిలబడి, అక్క భర్తకు ఫోన్ చేసింది.

"బావా, నీ చేతికున్న పట్టీ తీసెయ్యి. వేలు పొడుచుకుని చూసుకో."

"ఏం మరదలా, నీ రాతలు చదివి కొన్నాను, ఇప్పుడు నీ మాట విని పారెయ్యాలా? కంపెనీవాళ్లతో చెడిందా?"

"తీస్తావా, అక్కకు చెప్పనా?"

"అమ్మో, అంత పెద్ద కేసు వద్దులే. ఇదిగో, తీసేశా."

ఆమె నవ్వింది. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు తనకే ఎబ్బెట్టుగా తోచింది.

మంగళవారం పదకొండింటికి ఒక పాఠకుడి ఉత్తరం మెయిల్‌లో వచ్చింది. ఆయన దర్జీ. ఆమె పేజీ వదలకుండా చదువుతాడు. "అమ్మా, మీరు మెచ్చుకున్న పట్టీయే కొన్నాను. నిన్నటి నుంచి చేతులు వణుకుతున్నాయి, సూదిలో దారం ఎక్కడం లేదు. చెమటలు పడుతున్నాయి. ఫోన్లో మాత్రం షుగర్ నూట పది చూపిస్తోంది. యంత్రాన్ని నమ్మాలా, ఒంటిని నమ్మాలా?"

ఆమె వెంటనే, పైన ఆనాటి వారం, తేదీ వేసి, జవాబు రాసింది. ఒంటినే నమ్మండి, పట్టీ తీసేయండి, ముందు ఏదైనా తీపి తినండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. పంపబోయి ఆగింది. ఈయన బావ కాదు. రాతలో పెట్టింది ఎక్కడికైనా చేరుతుంది. వార్తకు పెట్టినట్టే దీనికీ సమయం పెట్టింది: గురువారం, పది గంటల ఒక నిమిషం.

డాక్టరును అడగండని మాత్రమైనా ఒక ముక్క రాసి ఉండవచ్చు. అది బుధవారం తోచింది. ఒక్కరోజేగా అనుకుంది.

గురువారం పదింటికి వార్త వెలువడింది, దాని వెనకే జవాబూ వెళ్లింది. పావుగంటలో వేలమంది చదివారు. ఎడిటర్ వచ్చి కుర్చీ వీపు మీద చరిచి వెళ్లాడు. పదిన్నర దాటాక దర్జీ చిరునామా నుంచి తిరుగు మెయిల్ వచ్చింది. రాసింది ఆయన భార్య.

"అమ్మా, నమస్కారం. ఆయన మంగళవారం మూడింటికి కుట్టుమిషను మీద తల వాల్చేశారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే అయిపోయింది. కాస్త ఏమైనా తినమని పొద్దుటి నుంచీ పోరాను. నూట పది ఉంది కదే, ఆవిడ జవాబు రానీ అన్నారు. ఫోను పక్కనే పెట్టుకున్నారు. మీ జవాబు ఇవాళే వచ్చింది. పైన తేదీ మాత్రం మంగళవారం అని ఉంది. మాకు ఇవేవీ తెలియవు. మా ఫోనులో ఏదైనా లోపమా?"

బల్ల మీద ఫోన్ మోగింది. ప్రచార విభాగం అమ్మాయి. కృతజ్ఞతలు చెప్పడానికి కాబోలు. మోగి మోగి ఆగిపోయింది.

"మీ ఫోనులో లోపమేమీ లేదమ్మా," అని ఆమె జవాబు మొదలుపెట్టింది. సోమవారం పొద్దుట తనకు తెలిసిన సంగతి, బావకు చెప్పిన సంగతి, ఆయనకు రాసి ఆపుకున్న సంగతి, ఏ వేళకు ఏది జరిగిందో వరసగా రాసింది. మెయిల్‌లోని యంత్రం మాటలు దిద్దబోతే వద్దంది. కింద తన పూర్తి పేరు పెట్టి, అప్పటికప్పుడే పంపింది.